నూట పన్నెండో ముడి

రోజు 1

కొత్తలంక చేరాను. పడవలో మూడు గంటలూ కళ్లు మూసుకునే ఉన్నాను కాబట్టి దారి గురించి రాయడానికేమీ లేదు. నేను కొండ బ్లాకుల్లో పుట్టి పెరిగిన మనిషిని. కాళ్ల కింద కదిలేదేదీ నాకు పడదు.

వచ్చిన పని ఇది. కొత్తలంకలో అరవై నాలుగు పంట్లు ఉన్నాయి. మా తాతల కాలంలో పంటు అంటే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే బల్లకట్టు. సముద్రం పైకొచ్చి లంకలన్నీ మునిగాక ఇళ్లే పంట్ల మీదికెక్కాయి. వరసకి ఎనిమిది చొప్పున ఎనిమిది వరసలు, పక్కదానితో పక్కది జతపడి ఊరంతా ఒక్క చాపలా తేలుతూ ఉంటుంది. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. తుఫాను వస్తే మాత్రం జతపడ్డ పంట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలిపోతాయి. పోయినేడు రెండు ఊళ్లు అలాగే పోయాయి. అందుకని నేను పనిచేసే బోర్డు నిబంధన పెట్టింది. తుఫానుకి ముందు విడిపోయి తర్వాత మళ్లీ కలిసే ఏర్పాటు లేని ఊళ్లన్నీ కార్తీకంలోగా కొండ బ్లాకులకి మారిపోవాలి. అక్కడ ఇళ్లు చీటీ తీసి ఇస్తారు. ఎవరికి ఏ బ్లాకు వస్తుందో, ఏ అంతస్తు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

కొత్తలంకవాళ్లు అలాంటి ఏర్పాటు ఒకటి తయారుచేశామని, తమని ఇక్కడే ఉండనివ్వమని అర్జీ పెట్టారు. అది సాధ్యమో కాదో పదిహేను రోజుల్లో తేల్చాల్సింది నేను. ఇప్పటివరకు నలభై మూడు ప్రాజెక్టులు పరిశీలించి నలభై ఒక్కదానికి కుదరదని రాశాను. ఆఫీసులో నా వెనక నన్నేమంటారో నాకు తెలుసు. ఇక్కడిదాకా పాకుతుందనుకోలేదు.

నాకు బస ఇచ్చిన పెద్దావిడ పేరు లోవరత్నం, డెబ్బై ఒక్కేళ్లు. చెయ్యందించి పడవ దింపుతూ, ఎంతో గౌరవంగా అడిగింది.

"మీరేనాండీ, కుదరదమ్మగారు?"

వెనక నిలబడ్డ ఇంజినీరు దుర్గారావు ముఖం పాలిపోయింది. అది నా పేరు కాదని చెప్పాను. అలాగేనండి అంది. సాయంత్రానికి ఊరంతా అదే పేరు పెట్టి పిలిచింది.

రోజు 2

పొద్దున్నే వాంతి. నిమ్మకాయ ఉప్పులో అద్ది నోట్లో పెట్టింది లోవరత్నం. కొంచెం నయం.

దుర్గారావు ఏర్పాటు చూపించాడు. వయసు ముప్పై నాలుగు. కొండ మీద చదువుకుని, మంచి ఉద్యోగం వదిలేసి వచ్చాడు. ప్రతి జత దగ్గరా ఒక ఇనప కొక్కెం. అతని పంటులో మీట నొక్కితే ఊళ్లో ఉన్న నూట పన్నెండు జతల కొక్కేలూ నలభై సెకన్లలో ఊడతాయి. పంటు అడుగున ఉన్న చిన్న మోటారు దాన్ని రెండొందల గజాల దూరం తీసుకుపోయి, గాలికి ఎదురు నిలిపి, లంగరు దింపుతుంది. తుఫాను వెళ్లాక ప్రతి పంటూ తన చోటికి తనే తిరిగొచ్చి మళ్లీ కొక్కెం తగిలించుకుంటుంది.

నేను నూట పన్నెండు కొక్కేల్లో ఇరవై ఊడదీయించి చూశాను. తుప్పు పట్టని లోహం, పనితనం బాగుంది. నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. చెప్తే పరిశీలన అక్కడితో ఆగిపోతుంది, అది నా అనుభవం.

రోజు 3

నా బసకి ఆనుకుని ఉన్న పంటు వీరవేణిది. లోవరత్నానికి తోటికోడలు, దుర్గారావుకి తల్లి. యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. రెండు పంట్ల మధ్య జానెడు నీళ్లు. ఆ జానెడు మీదుగా రాణి అనే బాతు రోజంతా అటూ ఇటూ తిరుగుతుంటుంది.

పొద్దున లోవరత్నం బాతుతో మాట్లాడుతుంటే విన్నాను. ఇవాళ పోటు ఎక్కువగా ఉందే రాణీ, ఎండబెట్టిన చేపలు బయటే ఉంచుకున్నవాళ్లు లోపల పెట్టుకుంటే బావుణ్ణు అంది, కాస్త గట్టిగానే. పక్క పంటులో వీరవేణి లేచి చేపల చాప లోపలికి లాక్కుంది. కాసేపటికి బాతు అటు వెళితే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నీళ్ల బిందెలు మొయ్యకుండా దుర్గారావుకి చెబితే మోస్తాడు కదే రాణీ అంది వీరవేణి. లోవరత్నం బిందె దింపేసింది.

ఇది పందొమ్మిదేళ్లుగా నడుస్తోందట. ఆ ఇద్దరి మధ్యా నేరుగా ఒక్క మాట లేదు. రాణి ఐదో బాతు. ముందున్న నాలుగూ ఇదే ఉద్యోగం చేసి పోయాయి. ఇదంతా దుర్గారావు చెప్పాడు. ప్రాజెక్టుతో సంబంధం లేని విషయమని నివేదిక కాగితాల్లో రాసుకోలేదు. ఇక్కడెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

రోజు 5

మొదటి పరీక్ష. ఘోరంగా పోయింది.

గాలి లేదు, అల లేదు. ఉదయం తొమ్మిదింటికి దుర్గారావు మీట నొక్కాడు. నా గడియారంలో సరిగ్గా ముప్పై ఎనిమిది సెకన్లలో నూట పన్నెండు కొక్కేలూ ఊడాయి. మోటార్లు తిరిగాయి. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మోటార్లు ఇంకా గట్టిగా తిరిగాయి. మూడు కాలిపోయి పొగలొచ్చాయి. అప్పుడు వంగి చూశాను. దాదాపు ప్రతి జత మీదా కొబ్బరి పీచు తాడు, దానికి గట్టి ముడి.

తాళ్లన్నీ ముందురోజు విప్పేయాలని దుర్గారావు ఇంటింటికీ చెప్పాడు. అందరూ తన కళ్లముందే విప్పారన్నాడు. తెల్లారి లేచి చూసుకుంటే పంటుకీ పంటుకీ మధ్య తాడు లేదు. అలా చూడలేకపోయారట. ఎవరికి వారు, మేమొక్కళ్లమే కదా కట్టుకున్నది, దీనివల్ల ఊరంతటికీ ఏమవుతుందిలే అనుకున్నారు. లెక్క పెట్టాను. నూట పన్నెండు జతల్లో నూట తొమ్మిదింటికి తాళ్లున్నాయి. లేని ఆ మూడు జతలవాళ్లు పొద్దెక్కి లేచారట, టైం చాలలేదని సంజాయిషీ చెప్పుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నలభై సెకన్లలో ఊడే కొక్కెం తయారుచేసుకుని దాని మీద తాడు కట్టుకునే ఊరు ఇంకెక్కడైనా ఉంటుందా? మధ్యాహ్నం భోజనం మానేసి గదిలో కూర్చుని నివేదిక మొదటి వాక్యం రాశాను. ఈ ప్రాజెక్టు కుదరదు.

రోజు 6

దుర్గారావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాళ్ల సంగతి చెప్పనివ్వమన్నాడు. చెప్పమన్నాను.

కొక్కేలు వచ్చింది నిన్నమొన్న. అంతకుముందు ఈ ఊరిని పట్టి ఉంచినవి ఆ తాళ్లే. కొత్తగా ఎవరైనా పంటు తెచ్చి పక్కన పెట్టుకుంటే, రెండిళ్ల నుంచీ ఒక్కొక్కరు వచ్చి తాడు కడతారు. ఒకరు కొస పట్టుకుంటారు, ఇంకొకరు చుడతారు. ఆ రోజు నుంచి వాళ్లు పక్కింటివాళ్లు. విప్పాలన్నా ఆ ఇద్దరి చేతులూ పడాలి. ఒకరే విప్పితే తగువుకి దిగినట్టు. తాడుకి కత్తి పెట్టడమనేది ఒక్కసారే, ఇంట్లో ఆఖరి మనిషి పోయి ఆ పంటు ఖాళీ అయినప్పుడు.

"మీట నొక్కితే ఊడిపోడం వాళ్లకి బాగానే ఉంది మేడం. కానీ ఎవరూ అడక్కుండా ఊడిపోడం బాలేదు," అన్నాడు దుర్గారావు.

ఆ మాట నా బుర్రలో తిరిగింది. తుఫాను కబురు మనకి ఆరు గంటల ముందు వస్తుంది. నలభై సెకన్లలోనే ఊడాలన్న పట్టుదల ఎందుకు? ముందు తాళ్లు చేత్తో విప్పుకోనిద్దాం. విప్పాక రెండిళ్లవాళ్లూ కొక్కెం మీద చెరొక చెయ్యీ వేస్తేనే అది ఊడేలా మారుద్దాం. ఇరవై నిమిషాల్లో తాళ్లన్నీ విప్పగలిగితే చాలు. నేనే అలా అన్నాను. పరిశీలకురాలు ప్రాజెక్టుకి సలహాలివ్వకూడదని మా నియమావళిలో ఉంది. నివేదికలో రాసిన మొదటి వాక్యం కొట్టేశాను.

రోజు 8

రెండు రోజులుగా గడియారం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. దుర్గారావు కాలిన మోటార్లు బాగుచేస్తూ, కొక్కేలు మారుస్తున్నాడు. ప్రతి జతనీ విప్పించి, మళ్లీ కట్టించి, రెండు సమయాలూ రాసుకుంటున్నాను. విప్పడానికి సగటున ఏడు నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ పద్నాలుగు. ఆ పద్నాలుగు నిమిషాల్లో ఎనిమిది వాళ్లమ్మాయి పెళ్లి కబుర్లు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినిపించారు. నీళ్ల మీద ఉన్నానన్న సంగతి నా కడుపు మర్చిపోయింది.

నూట పదకొండు జతలు అయ్యాయి. మిగిలింది నూట పన్నెండోది, నా బస పక్కదే. విప్పడానికి ఒప్పుకోనిది వీళ్లిద్దరే. లోవరత్నం, వీరవేణి.

ఇన్నాళ్లూ దాని పక్కనే పళ్లు తోముకుంటున్నాను, సరిగ్గా చూడలేదు. మిగతా తాళ్లు నా బొటనవేలంత లావుంటాయి. ఇది నా తొడంత ఉంది. పాత తాడు చివికిపోతుంటే విప్పకుండా పైనుంచి కొత్తది చుడుతూ వచ్చారు. సగం వరకు చుట్లు ఎడమవైపుకి తిరిగాయి, మిగతా సగం కుడివైపుకి. అంటే ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు, ఎవరి సగం వాళ్లు బాగుచేసుకుంటూ వచ్చారన్నమాట. పందొమ్మిదేళ్లు. ఒకరు చుడుతుండగా ఇంకొకరు చూసినట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు.

అర్జీలో ఈ జత సంగతి ఎందుకు రాయలేదని దుర్గారావుని నిలదీశాను.

"రాస్తే మీరు రారు కదండి," అన్నాడు.

రోజు 9

చేపల పులుసు కలుపుతూ లోవరత్నం తనంతట తనే చెప్పింది.

ఊరు మునిగినప్పుడు వాళ్లు తెచ్చుకున్నది ఒక్క రుబ్బురోలు, వాళ్లత్తగారిది. ఆ రోలూ దాని పొత్రమూ రెండిళ్లకీ కలిపి ఉండేవి. పందొమ్మిదేళ్ల కిందట వీరవేణి పొత్రం కడగబోయి నీళ్లలో జారవిడిచింది. అప్పటికి ఆమె భర్త వలకి వెళ్లి తిరిగిరాక నాలుగు నెలలు. ఆ భర్త లోవరత్నానికి మరిది. లోవరత్నం కాపురానికి వచ్చేటప్పటికి అతను ఆరేళ్లవాడు, అన్నం తినిపించి పెంచింది.

"నాకు ఒళ్లు తెలీలేదండి. నీ చేతిలో ఏదీ నిలవదే, మనిషీ నిలవలేదు, రాయీ నిలవలేదు అనేశాను. పది మంది విన్నారు. అది ఏడవలేదు, తిరిగి అన్లేదు. లోపలికెళ్లిపోయింది. అంతే."

తర్వాత క్షమించమని అడగలేదా అన్నాను.

"ఎలా అడుగుతానండి. అడగాలంటే ఆ మాట మళ్లీ నా నోటితో అనాలి కదా."

ఆరేళ్ల కిందట లోవరత్నం భర్త పోయాడు. పదకొండు రోజులూ ఈ ఇంట్లో వంట చేసింది వీరవేణే. వచ్చేది, వండేది, వెళ్లేది. అప్పుడూ మాట లేదు. ముడి విప్పడానికి మీకేం అభ్యంతరం అని అడిగితే చాలాసేపు గరిటె తిప్పింది. విప్పేస్తే వీరవేణి ఊరి ఏ చివరికో వెళ్లిపోతుందట. కొడుకు ఇంజినీరు, పంటు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టిస్తాడు. ముడి ఉంటేనే పక్కన ఉంటుంది. ఈ మాట వీరవేణికి మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

రోజు 10

బంగాళాఖాతంలో అల్పపీడనం. ఇటు రాదంటున్నారు, కానీ బోర్డు నుంచి కబురొచ్చింది. గడువు పెంచేది లేదు.

ఆ రెండు పంట్లనీ కలిపే వదిలేస్తే ఏమవుతుందో లెక్క కట్టాను. మూడుసార్లు కట్టాను, ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. జంట పంటు గాలికి నిలవదు, పక్కకి తిరిగి మూడో వరసలో రెండిళ్ల మీద పడుతుంది. ఆ రెండిళ్లలో కలిపి తొమ్మిది మంది ఉన్నారు. ఇక మిగిలింది తాడు కొయ్యడం. ఆ మాట ఊరి పెద్దల దగ్గర ఎత్తాను. ఎవరూ కోప్పడలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. బతికున్న ఇద్దరి మధ్య కత్తి పెట్టమని అడిగానని ఇల్లు చేరేలోపు నాకే అర్థమైంది.

సాయంత్రం వీరవేణి పంటుకి వెళ్లాను. కోపం ఇంకా పోలేదా అని అడిగాను.

"కోపం ఎప్పుడో పోయిందండి. ఏ ఏడు పోయిందో కూడా గుర్తులేదు."

మరి విప్పవచ్చు కదా అన్నాను.

"విప్పడం ఎంతసేపండి. విప్పేశాక, రా మళ్లీ కడదాం అని ఆవిడ పిలవకపోతే? అప్పుడు నేనేవవుతాను? ఈ ముడి ఉన్నంతకాలం నేనావిడ పక్కింటిదాన్నండి."

ఇలా అన్నానని ఆవిడతో చెప్పకండి అని తనూ చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఒకే ముడికి అటొకరు ఇటొకరు కూర్చుని ఒకే భయం. ఇద్దరూ నన్నే నమ్మారు, ఇద్దరికీ మాట ఇచ్చాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఇంత చేతకానిదాన్నని నాకెప్పుడూ అనిపించలేదు. బ్లాకులో మా పక్కింటివాళ్ల పేరేమిటని లోవరత్నం మొదటి రోజే అడిగింది. పన్నెండేళ్లుగా ఉంటున్నా తెలియదని చెప్పాను. అప్పుడు ఆమె నా వైపు జాలిగా ఎందుకు చూసిందో ఇవాళ తెలిసింది.

రోజు 11

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి లోవరత్నం తన పంటు అంచున కూర్చుని చేపలు కడుగుతోంది. వీరవేణి తన అంచున బియ్యం చెరుగుతోంది. ఇద్దరి మధ్యా ఆ లావుపాటి తాడు, తాడు మీద బాతు. నేను కుర్చీ తెచ్చుకుని తాడు పక్కనే వేసుకున్నాను. నేను బోర్డు మొదటి తరగతి పరిశీలకురాలిని. గొంతు సవరించుకున్నాను.

"రాణీ, నేను ఇద్దరికి మాటిచ్చాను, ఒకరి సంగతి ఒకరికి చెప్పనని. మాట తప్పను. నీకు చెప్పకూడదని మాత్రం ఎవరూ అనలేదు."

చేపలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

చెప్పాను. ఒకామె తను అన్న మాటకి పందొమ్మిదేళ్లుగా కుమిలిపోతోందని, ఆ మాట మళ్లీ నోట రానివ్వలేక క్షమించమని అడగలేకపోయిందని, ముడి విప్పితే పక్కామె దూరంగా వెళ్లిపోతుందని భయపడుతోందని చెప్పాను. ఇంకొకామెకి కోపం ఎప్పుడో పోయిందని, విప్పాక మళ్లీ కడదాం రమ్మని పిలవరేమోనని ఆమెకీ బెంగేనని చెప్పాను. బాతు సగంలోనే లేచి నీళ్లలోకి దిగి వెళ్లిపోయింది. నేను ఆపలేదు, అది వింటున్నట్టే చివరిదాకా చెప్పాను.

ఎవరూ తలెత్తలేదు. కాసేపటికి చేట కదిలింది, చేపలు కదిలాయి. ఇంతకన్నా నా చేతిలో ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, ఎల్లుండి పరీక్ష ఎన్ని గంటలకండీ అని మాత్రం అడిగింది లోవరత్నం.

రోజు 13

రెండో పరీక్ష పదింటికి. ఆరింటికి లేచి చూస్తే తాడుకి అటు వీరవేణి, ఇటు లోవరత్నం కూర్చుని ఉన్నారు. అప్పటికే విప్పడం మొదలుపెట్టారు. మాటల్లేవు. గడియారం నొక్కి పక్కన కూర్చున్నాను.

పొరలు పొరలుగా వచ్చింది. కొబ్బరి పీచు, వల దారం, ప్లాస్టిక్ తాడు, చీరల అంచులు. వీరవేణి సగంలోంచి ఆకుపచ్చ చీర పేలిక ఒకటి వచ్చింది. లోవరత్నం దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఎన్నో ఏళ్ల కిందట ఆరేస్తే గాలికి పోయిందనుకున్న తన చీర అది. వీరవేణి తల వంచుకుని చుట్లు విప్పుతూనే ఉంది. లోవరత్నం పేలిక మడిచి బొడ్లో దోపుకుంది. ఊళ్లో మిగతా తాళ్లన్నీ విప్పుకున్నవాళ్లు చుట్టూ అంచుల మీద నిలబడి చూస్తున్నారు. అందరికన్నా లోపల నల్లగా మారిన మొదటి తాడు, చూపుడువేలంత. ఆ ముడి ఇద్దరూ కలిసి విప్పారు. మొత్తం రెండు గంటల పది నిమిషాలు.

పదింటికి ఇద్దరూ కొక్కెం మీద చెరొక చెయ్యీ వేశారు. అది ఊడింది. ఊళ్లో అన్ని చేతులూ పడ్డాయి, ఊరు విడిపోయింది.

ఎలా ఉంటుందో నాకు తెలియదు, చూశాక కూడా సరిగ్గా చెప్పలేను. అరవై నాలుగు ఇళ్లు నెమ్మదిగా ఒకదానికొకటి వీపు తిప్పి నీళ్ల మీద దూరంగా జరిగిపోయాయి. నేను లోవరత్నం పంటులో ఉన్నాను. ఆమె అంచున నిలబడి వీరవేణి పంటు చిన్నదవుతుంటే చూస్తోంది. మధ్యలో బాతు ఎటు పోవాలో తెలియక గుండ్రంగా ఈదింది. గాలి కొంచెం ఉంది, అల ఉంది. ప్రతి పంటూ గాలికి ఎదురుగా నిలబడింది. ఏదీ దేన్నీ తాకలేదు. గంటసేపు అలా ఉంచి, వెనక్కి రమ్మని కబురు పంపించాను.

ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మేము వచ్చేసరికి వీరవేణి పంటు తన చోట ఉంది. తను అంచున నిలబడి ఉంది, చేతులు ఖాళీగా. కొక్కెం తగులుకున్న చప్పుడైంది. యంత్రం పని అక్కడితో అయిపోయింది.

లోవరత్నం లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. వీరవేణి కదల్లేదు. చుట్టూ పంట్ల మీద తాళ్లు కట్టుకుంటున్నవాళ్లు చేతులాపి చూస్తున్నారు. లోవరత్నం కొత్త తాడు చుట్ట తీసుకుని బయటికి వచ్చింది. ఎప్పుడు పేనిందో నాకు తెలియదు, నేనున్న ఇంట్లోనే. చుట్టలోంచి కొస లాగి, జానెడు నీళ్ల మీదుగా చెయ్యి చాపింది.

"ఇదిగో వీరవేణీ, నీ చేతికిస్తున్నాను. నీ చేతిలో ఉంటే నిలుస్తాది."

వీరవేణి వెంటనే అందుకోలేదు. పమిటతో ముఖం తుడుచుకుంది. తర్వాత రెండు చేతులతో కొస పట్టుకుంది.

"గట్టిగా చుట్టక్కా," అంది.

లోవరత్నం చుట్టింది. చుట్టడం ఎప్పుడు మొదలైందో, ముడి ఎప్పుడు పడిందో నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఏడవడం ఇదే మొదటిసారి, దానికి ఏ నియమావళీ చూసుకోలేదు.

రోజు 15

నివేదిక పంపించాను. సాధ్యం అని రాశాను. షరతులు రెండు. రెండిళ్ల చేతులూ పడందే ఏ కొక్కెమూ ఊడకూడదు. నెలకోసారి ఊరంతా తాళ్లు విప్పి, విడిపోయి, మళ్లీ కట్టుకునే సాధన చెయ్యాలి.

గంటలో బోర్డు నుంచి ప్రశ్న వచ్చింది. నూట పన్నెండో జతకి విప్పే సమయం రెండు గంటల పది నిమిషాలని ఉంది, తిరిగి కట్టే సమయం దగ్గర ఖాళీగా ఉంది, ఎందుకు? మొదటిది పాత తాడు సంగతి, కొత్త తాడుకి అంత పట్టదని జవాబిచ్చాను. రెండోదానికి, లోపం ఏర్పాటులో లేదు, పరిశీలకురాలు గడియారం నొక్కడం మర్చిపోయింది అని రాశాను. ఇంకోసారి విప్పించి కొలుద్దామని అడిగాను కూడా. నిన్నగాక మొన్న కట్టుకున్నాం, ఇప్పుడు విప్పమంటారేంటండీ అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అనుమతి సాయంత్రానికి వచ్చింది. దుర్గారావు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మోటార్లకి నూనె పెట్టాలని వెళ్లిపోయాడు. అతని నడకలో తేడా తెలుస్తూనే ఉంది.

పడవ వచ్చింది. సంచి సర్దుకుని బయటికి వస్తే తోటికోడళ్లిద్దరూ ఒకే పంటు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. తెగ మాట్లాడుకుంటున్నారు. పందొమ్మిదేళ్ల బాకీ కాబోలు, ఒకరు ఆపకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. బాతు పని లేక తాడు మీద కునుకు తీస్తోంది. వెళ్లొస్తానని చెప్పాను. వీరవేణి లేచి నా సంచిలో ఎండుచేపల మూట పెట్టింది. లోవరత్నం మాత్రం నా వైపు చూడలేదు. తాడు దగ్గరికి వెళ్లి బాతుని లేపింది.

"రాణీ, వచ్చే నెల సాధనకి కుదరదమ్మగారు వస్తే బావుణ్ణే," అంది, కాస్త గట్టిగానే.

నేను పడవ ఎక్కబోయి ఆగాను. వెనక్కి వచ్చి, వంగి, వస్తానని బాతుకే చెప్పాను.